తోకతో కలిపి తొమ్మిది అడుగులు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, పత్తి ఏరే కాలం. కొల్లాపూర్ నుంచి సోమశిల పోయే రోడ్డు పక్కన ఉన్న నా వెల్డింగ్ షాపు అప్పటికే పాతబడింది. గేట్లు, కిటికీ గ్రిల్లులు, ట్రాక్టర్ ట్రాలీలు, గొర్రెల దొడ్లకు జాలీ తలుపులు మా పనులు. మాది గోపాల్‌పేట. మా అక్క లక్ష్మమ్మను ఇటు అడవి అంచు ఊరికి ఇచ్చారు. ఆమెను చూడటానికి వస్తూ పోతూ ఉండి, చివరికి నేనూ ఇక్కడే కొట్టు పెట్టుకున్నాను.

ఈ పనిలో నాకు ఒళ్ళు మండే మాట ఒకటుంది. "అందాజగ చెయ్యి యాదన్నా" అంటారు. టేపు లేకుండా వచ్చి చేతులు చాపి "ఇంత గేటు" అంటారు. మనిషి ఇంటికి పోయాక ఆ చేతులను నేనెక్కడ వెతకను? దానికి తోడు మా వైపు ఇంకో అలవాటు. గేటు కొలిచినా, పెళ్ళి జాకెట్టు కొలిచినా "ఓ జానెడు ఎక్కువనే పెట్టు" అంటారు. తక్కువైతే పరువు పోతుంది, ఎక్కువైతే ఏమీ పోదని వాళ్ళ లెక్క. నేను టేపు మనిషినే అయినా ఆ జానెడు అలవాటు నా ఒంట్లోనూ ఉంది. ఎక్కువైతే ఏం పోతుందో ఆ ఏడు పులికి బోను చేసినప్పుడు తెలిసింది.

మా బావ బాలప్ప ఊళ్ళో ఎద్దులు మిగిల్చుకున్న కొద్దిమందిలో ఒకడు. అందరూ ట్రాక్టర్లకు మారినా ఆయన మారలేదు. కర్రెద్దు, తెల్లెద్దు అని ఒక జత. బావి దగ్గర చేనులోనే కట్టేసేవాడు. ఇంటి దగ్గర కొట్టం ఉంది గాని దానికి తలుపు లేదు, పైగా ఎద్దులు చేనులో ఉంటే పొద్దున్నే పని మొదలవుతుందని ఆయన వాదన. అప్పటికి కొన్నాళ్ళుగా ఊరి చుట్టుపక్కల పులి తిరుగుతోంది. పత్తి ఏరడానికి ఆడవాళ్ళు పోవడం మానేశారు. ఒక పొద్దున బావ పోయి చూసేసరికి తెల్లెద్దు ఒక్కటే ఉంది. కర్రెద్దును పులి మెడ పట్టి చంపి, వాగు దాకా ఈడ్చుకుపోయింది.

నేను బండేసుకొని పోయేసరికి బావ వాగు బురదలో నిలబడి ఉన్నాడు. పులి అడుగు పక్కన అన్నం తినే పళ్ళెం పెట్టి అందరికీ చూపిస్తున్నాడు.

"చూస్తివా బామ్మర్ది, పళ్ళెమంత ఉంది అడుగు. నా కర్రెద్దును పండవెట్టిందంటే అదెంతుండాలె? నీ ట్రాలీ నిండుతది."

అక్కడే రేంజర్ మేడం ఉంది. గద్వాల ఆమె. ఆ రేంజిలో అడవి బాధ్యత అంతా ఆమెదే. ఆమె వంగి అడుగును చూసి, "బురదల అడుగు విప్పారుకుంటది బాలప్పా. గట్టి నేల మీద ఇంతుండదు" అంది.

"గట్టి నేల మీద నా ఎద్దుకు మెడ విరగలేదా మేడం?" అన్నాడు బావ.

ఫారెస్టోళ్ళు చెట్లకు కట్టిన కెమెరాలో పడిందట, మగపులి, మంచి వయసులో ఉంది. పట్టుకొని అమ్రాబాద్ లోపలి అడవిలో వదలమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బావ అందరి ముందే చెప్పాడు. "రేపు మాపటికి పట్టుకపోండి మేడం. లేకుంటే నా దారి నేను చూస్కుంట."

ఆయన దారి ఏమిటో అక్కడ తెలియనివాళ్ళు లేరు. మోటారు స్టార్టర్ నుంచి వైరు తీసి, చేను చుట్టూ మోకాలి ఎత్తున కట్టి కరెంటు ఇస్తారు. అడవి పందుల కోసమని మొదలుపెడతారు. దానికి పందీ ఒకటే, పులీ ఒకటే, నీళ్ళు కట్టను పోయే మనిషీ ఒకటే. అక్క నన్ను పక్కకు పిలిచి చెయ్యి పట్టుకుంది.

"తమ్మీ, మీ బావ అన్నడంటే చేస్తడు. పులి సస్తె ఈయన జైలుకు పోతడు. మనిషి సస్తె ఇంగ చెప్పనే వద్దు. ఏం చేస్తవో చెయ్యి, జర తొందరగ చెయ్యి."

ఆమె అట్లా అనడానికి కారణం ఉంది. ఫారెస్టోళ్ళ పెద్ద బోను వేరే జిల్లాకు ఇంకో పులి పని మీద పోయింది. ఇక్కడ చిరుతపులి బోను మాత్రమే ఉంది. రేంజర్ మేడం నా వైపు తిరిగి, "నువ్వే చెయ్యాలె యాదగిరీ. రేపు సాయంత్రానికి అయితదా?" అని అడిగింది.

"కొలతలియ్యండి మేడం, అయితది."

"డాక్టర్ సార్ దగ్గర ఉన్నయి. ఆయన తొవ్వల ఉన్నడు, ఫోన్ తగుల్తలేదు. తొమ్మిది అడుగుల మగపులి పట్టాలె. ఆయన వచ్చేదాకా ఆగకు, షురూ చెయ్యి."

షాపుకొచ్చి పని మొదలుపెట్టాను. నాతోపాటు షఫీ ఉన్నాడు, ఇరవై ఏళ్ళుగా గ్యాస్ కటింగ్‌లో చెయ్యి తిరిగినవాడు. పులి తొమ్మిది అడుగులన్నారు కాబట్టి ముందో అడుగు, వెనకో అడుగు కలిపి పదకొండు పెట్టాను. వెడల్పు ఎంత? పిల్లల్ని తీసుకొని ఒకసారి హైదరాబాద్ జూకు పోయాను. అక్కడ మగపులి ఒకటి నీడలో పక్కకు ఒరిగి పడుకొని ఉంది. పొట్ట నేల మీద పరుచుకొని దున్నపోతు పడుకున్నట్టే ఉంది. అది గుర్తు తెచ్చుకొని వెడల్పు ఐదడుగులు పెట్టాను. ఎత్తు కూడా ఐదు. బావ పళ్ళెం చూశాక నాలుగు పెట్టే ధైర్యం రాలేదు.

ఇనుప పనిలో ముందు ట్యాక్ కొడతాం, అంటే నాలుగు మూలలా చుక్క వెల్డింగ్ పెట్టి ముక్కలను నిలబెడతాం. కొలత సరిపోయిందని చూసుకున్నాకే పూర్తి వెల్డింగ్. మాకు అంత తీరికెక్కడిది? మందపాటి ఇనుప యాంగిళ్ళు, గట్టి కడ్డీలు తెచ్చి నేరుగా నిండు వెల్డింగ్ చేసుకుంటూ పోయాం. మరునాడు మధ్యాహ్నానికి బోను నిలబడింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి ఫోటోలు దిగుతున్నారు. నాకూ కొంచెం గర్వంగానే ఉంది.

అప్పుడు డాక్టర్ సార్ దిగాడు. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు. బోను చుట్టూ ఒకసారి తిరిగి, వెల్డింగ్ మీద వేలు పెట్టి చూశాడు.

"పని చాలా గట్టిగా ఉందండీ. కానీ ఇది బోను కాదు, గది."

"తొమ్మిది అడుగుల పులి అన్నరు గద సార్?"

"తొమ్మిది అడుగులే. కానీ పులిని ముక్కు కొస నుంచి తోక కొస దాకా కొలుస్తారు. అందులో మూడడుగుల దాకా తోకే ఉంటుంది."

నేను షఫీ వైపు చూశాను. షఫీ పైకి చూశాడు. తోకకు ఇల్లు కట్టామన్నమాట.

"పెద్దగుంటే మంచిదే గద సార్, సుకంగ ఉంటది" అన్నాను, మింగుడు పడక.

"అదే ప్రమాదం. తిరగడానికి చోటుంటే వెనక్కి పోయి, ఊపుతో వచ్చి గుద్దుకుంటుంది. కడ్డీలు దొరికితే కొరుకుతుంది. కోర విరుగుతుంది. కోర విరిగిన పులి జింకను పట్టలేదు, మళ్ళీ ఊళ్ళోకే వస్తుంది, కట్టేసిన పశువు కోసం. తిరగలేనంత ఇరుకుగా ఉండాలి, లోపల రేకు కొట్టాలి, గాలికి చిల్లులు పెట్టాలి. చీకటిగా ఉంటేనే అది కుదురుగా ఉంటుంది."

ఎక్కువైతే ఏం పోతుందంటే కోర పోతుంది. నాకు జూలో చూసిన పులి మీద కోపం వచ్చింది. దాని సంగతి చెప్పి, అది దున్నపోతంత ఉందని వాదించాను. ఆయన నవ్వాడు. చాలా ఏళ్ళు జూలలోనే పనిచేశాడట.

"ఉంటుందండీ. వేళకు మాంసం, పక్కనే నీళ్ళు, తిరుగుదామంటే గోడ. మగపులి అక్కడ బాగా బరువెక్కుతుంది, చర్మం కింద కొవ్వు పడుతుంది. అడవిలో మగపులి రోజూ కోసుల కొద్దీ నడవాలి. వేట ఒకసారి దొరికితే నాలుగుసార్లు తప్పిపోతుంది. అక్కడా మంచి బరువున్నవి ఉంటాయి, కానీ ఆ బరువంతా భుజాల్లో, మెడలో ఉంటుంది. పొడవు మాత్రం రెండింటిదీ దాదాపు ఒకటే."

"అంటే జూ పులి నెల జీతం సారు, అడవి పులి బొంబాయికి వలస పోయి తట్ట మోసే మా పాలమూరు మనిషి" అన్నాను. "అంతే" అన్నాడు డాక్టర్. తరవాత ఇనుము కోసే గ్రైండర్ తీసి నా చేతికి ఇచ్చాడు.

ఏడున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగుకు కొంచెం తక్కువ ఎత్తు. అది ఆయన చెప్పిన కొలత. నిండు వెల్డింగ్ చేసిన ఇనుమును విప్పడం కంటే కొత్తది చేయడం నయం, కానీ కొత్త ఇనుము తెచ్చే టైము లేదు. సాయంత్రానికి ఇస్తానన్న బోను తెల్లారితే గాని కాదని తేలిపోయింది. బావకు ఫోన్ చేశాను.

"మాపటికన్నరు గదా" అన్నాడు.

"కొలత తప్పింది బావా. పులి అంత పెద్దగుండదంట. రేపు పొద్దుగాల తెస్త, ఒక్క పూట ఆగు."

"అంత పెద్దగుండదని ఎవడన్నడు? వాడు చూసిండా?" అని పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎత్తలేదు. అక్కకు చేస్తే, "ఇంట్ల లేడు తమ్మీ, యాడికి పోయిండో తెల్వదు" అంది. పని మధ్యలో పదిసార్లు ఆ మాటే గుర్తొచ్చింది. అయినా చేతిలో పని వదిలి పోయే వీలు లేదు.

తెల్లారేసరికి బోను తయారైంది. కోసిన ముక్కలన్నీ షాపు గోడకు చేరేసి, బోనును వ్యానుకెక్కించి ఊరికి తీసుకుపోయాం. ఊరంతా గట్టు మీద ఉంది. బావ కూడా ముందు వరసలోనే ఉన్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ మొహం చూసి, కోపంలో ఉన్నాడు గాని ఏ పిచ్చి పనీ చేయలేదనుకున్నాను.

పులి వాగు పొదల్లో పడుకొని ఉంది. డాక్టర్ సార్ జీపులో దగ్గరగా పోయి మత్తు సూది పేల్చాడు. సూది తగలగానే పడిపోదు. కొంత దూరం నడుస్తుంది, కాళ్ళు తడబడతాయి, తరవాత కూర్చుంటుంది. ఆ కొంత దూరం ఎటు పోతుందో చూస్తూ వెనకాలే పోవాలి, లేకపోతే నీళ్ళలో పడో, గుంటలో పడో చస్తుంది. అది లేచింది, అడవి వైపు పోలేదు. నేరుగా బావ మొక్కజొన్న చేను వైపు నడిచింది. రేంజర్ మేడం, నలుగురు ఫారెస్టు వాచర్లు దాని వెనక దూరంగా నడిచారు. స్ట్రెచర్ వల పట్టుకొని నేనూ షఫీ వాళ్ళ వెనక ఉన్నాం.

"ఆగుండ్రి! అడుగెయ్యకుండ్రి! వైరుంది! లైనుంది అండ్ల!"

అది బావ గొంతు. గట్టు మీది నుంచి దూకి, మా వైపు కాదు, మోటారు గూడు వైపు ఉరికాడు. మేడం చెయ్యి ఎత్తింది. అందరం ఉన్నచోటే నిలబడిపోయాం. పులి మాత్రం నడుస్తూనే ఉంది, తాగిన మనిషిలా పక్కకు ఒరుగుతూ. మొక్కజొన్న ఆకుల మధ్య సన్నటి తీగ అప్పుడు కనిపించింది నాకు. చేను అంచు అక్కడ మా వైపు వంపు తిరిగి ఉండటంతో, పులి కంటే ముందు మేడం కాలికే దగ్గరైంది, నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఒక్క పూట ఆగమంటే ఆగని మనిషిని తిట్టాలో, బోను సరిగ్గా చేయని నన్ను తిట్టుకోవాలో తెలియలేదు.

పులి వైరుకు ఇవతల రెండు బారల దూరంలో కూర్చుంది. తల వాల్చింది. బావ రొప్పుకుంటూ వచ్చాడు. రెండు చేతుల్లో ఫ్యూజులు. తీసుకొచ్చి మేడం ముందు పెట్టాడు.

"తీసేసిన మేడం. రాత్రి కట్టిన. బోను రాలే గదా. పొద్దుగాల తీద్దామనుకున్న, మీరొచ్చిండ్రని అట్లనే ఉరికొచ్చిన. నన్నేం జేస్తరో చెయ్యుండ్రి."

అంతమంది ముందు, ఫారెస్టోళ్ళ ముందు, తన నోటితో తనే చెప్పుకున్నాడు. నోరు మూసుకొని ఉంటే మేడం ప్రాణం పోయేది, బహుశా పులిది కూడా. ఆమె మొహం పాలిపోయి ఉంది. ఫ్యూజులు తీసుకొని జేబులో వేసుకుంది.

"దీని సంగతి తర్వాత చూస్త. ముందు వచ్చి పులి కాలు పట్టు" అంది.

డాక్టర్ పులి కళ్ళకు గుడ్డ కట్టి మమ్మల్ని దగ్గరికి పిలిచాడు. అందరికంటే ముందు బావ పోయాడు. పోయి, తల నుంచి తోక దాకా చూసి నిలబడిపోయాడు.

"గింతేనా?" అన్నాడు.

నాకూ అదే మాట నోటిదాకా వచ్చింది. పడుకున్న పులి ట్రాలీ అంత లేదు, దున్నపోతంత లేదు. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. ఒక భుజం మీద పాత గాయం మానిన గీత. తరవాత ఎత్తబోయాం. ఆరుగురం పట్టాం, మొదటిసారి లేవలేదు. సిమెంటు బస్తాలు మోసినవాళ్ళమే అందరం. ఇంకో ఇద్దరు వచ్చాక లేచింది. కంటికి తక్కువ, చేతికి ఎక్కువ. పులి సైజు నాకు అర్థమైంది ఆ క్షణంలోనే. తక్కెడ కొక్కేనికి తగిలిస్తే రెండు వందల కిలోలు దాటింది.

డాక్టర్ నా టేపు అడిగాడు. ఒంటి మీదుగా కాకుండా, ముక్కు దగ్గర ఒక పుల్ల, తోక కొసన ఒక పుల్ల గుచ్చి వాటి మధ్య నేల మీద కొలవమన్నాడు. వీపు వంపు మీదుగా కొలిస్తే ఊరికే పెరుగుతుందట. తోక కొస పట్టుకున్నది నేనే. తొమ్మిదికి రెండంగుళాలు తక్కువ. ముందు పంజా కింద నా అరచెయ్యి వేళ్ళతో సహా దాగిపోయింది. వేడిగా ఉంది. ఊపిరికి దాని పక్కటెముకలు లేస్తుంటే నాకు భయం పోయి జాలేసింది. ఇంత మృగం, ఆకలేసి కట్టేసిన ఎద్దు దగ్గరికి వచ్చింది.

బావ దాని తల దగ్గర కూర్చున్నాడు. పెదవి కింద నుంచి కోర కనిపిస్తోంది.

"గింతది నా కర్రెద్దును పట్టిందా బామ్మర్ది? అది ఒక్కటే గుంటక గుంజుతుండె. దాన్ని పట్టాలంటే..." అని ఆపేశాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. అప్పుడు తెలిసింది నాకు ఆ పళ్ళెం సంగతి. బావ పులిని పెంచి చెప్పింది భయపడి కాదు. తన ఎద్దును చంపగలిగింది అంత పెద్దదై ఉండాలని ఆయన కోరిక. చిన్నదైతే ఎద్దు కూడా చిన్నదైపోతుంది కదా.

బోనులో పులి సరిగ్గా పట్టింది. పైనుంచి దిగే తలుపు చానెల్ గాడిలో ఎక్కడా పట్టుకోకుండా జారింది. డాక్టర్ మత్తు విరిగే సూది ఇచ్చాక కొంతసేపటికి లోపలి నుంచి ఒక దెబ్బ కొట్టింది. వ్యాను ఊగింది, ఒక్క వెల్డింగ్ కూడా ఊడలేదు. అమ్రాబాద్ దాటి లోపలి అడవిలోకి పోయాక తాడుతో తలుపు లేపారు. నేను వెనక జీపులో ఉన్నాను. పచ్చ గడ్డిలో ఒక పసుపు చార కనిపించింది, అంతే. డాక్టర్ దుర్భిణి దించి, "కోరలు రెండూ బాగున్నాయి" అన్నాడు. నా చేతి పనికి అంతకంటే మంచి మాట ఇంకెవరూ అనలేదు.

రేంజర్ మేడం బావను వదిలిపెట్టలేదు, తొక్కెయ్యనూ లేదు. వైరు చుట్టంతా స్వాధీనం చేసుకుంది, ఆఫీసు చుట్టూ తిప్పింది. ఆ ఏడంతా ఊరూరా ఆయన్నే నిలబెట్టి వైరు కట్టొద్దని చెప్పించింది. మొదట్లో సిగ్గుపడేవాడు. తరవాత తరవాత బాగానే చెప్పేవాడు, కొంచెం ఎక్కువగానే.

ఆ పని నాకు నేర్పిందేమిటంటే, ఎవరైనా ఒక కొలత చెబితే అందులో ఇనుము ఎంత, మనసు ఎంత అని చూడటం. ఇప్పుడు నా షాపులో చేతులు చాపితే పని ఒప్పుకోను. వస్తువు ఉన్న చోటికి పోయి కొలుచుకుంటాను, జానెడు ఎక్కువ పెట్టమంటే ఎందుకని అడుగుతాను.

గోడకు చేరేసిన ముక్కలు అట్లాగే ఉన్నాయి. పులి కోసం ఎక్కువ పెట్టిన ఇనుము అంతా కలిపితే ఒక తలుపుకు సరిపోతుంది. బావ కొట్టానికి చేద్దామని పోయాను. ఆయన కొలతలు చెప్పబోతుంటే ఆపి, "ఎద్దును తోలుకరా, కొలుస్త" అన్నాను. అక్క తెల్లెద్దు పగ్గం పట్టుకొని నిలబడింది. మూపురం దాకా ఒకటి, కొమ్ముల దాకా ఒకటి కొలిచి రాసుకున్నాను.

బావ పక్కన నిలబడి చూస్తున్నాడు. కొంచెంసేపటికి తెల్లెద్దు కొమ్ముల మీదుగా గాలిలో చెయ్యి పెట్టాడు.

"కర్రెద్దు ఇంతుండె బామ్మర్ది. దీని కన్న ఇంతెత్తు."

ఆయన చేతికీ కొమ్ముల కొసకూ మధ్య ఓ జానెడు ఉంది. ఎందుకని నేను అడగలేదు. టేపు ఆయన చెయ్యి దాకా లాగి, ఆ కొలతకే తలుపు పెట్టాను.